బీపీ చూస్తూ నేనడిగిన ప్రశ్న

ఈ రోజు మా అత్తను కోవిల్‌పట్టిలో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. మూడు నెలలుగా రోజూ ఇంట్లో బీపీ చూసి నోటుబుక్కులో రాస్తున్నాను. ఎప్పుడూ ఎక్కువే. అత్త దొంగతనంగా ఊరగాయ తింటోందని తేల్చేసుకున్నాను.

క్లినిక్కులో పాదరసం మిషనుతో చూస్తే మామూలుగానే ఉంది. వెంట తెచ్చిన మా డిజిటల్ మిషను చెడిపోయిందేమో అన్నాను. ఇంట్లో చూసినట్టే ఒకసారి చూడమంది నర్సు. పట్టీ చుట్టి, మీట నొక్కి, అలవాటుగా అడిగాను.

"రాత్రి ఊరగాయ తింటిరా అత్తా?"

"లేదమ్మా, సత్తెంగా తాకలేదు."

నూట యాభై ఎనిమిది చూపించింది.

నర్సు నవ్వుతూ తమిళంలో చెప్పింది: "పాదరసం మిషనుతో మేము చెవితో వింటాం. దీంట్లో నాడి కొట్టుకుంటే పట్టీలో గాలి అదురుతుంది, లోపలి సెన్సారు ఆ అదురును పట్టుకుంటుంది. మాట్లాడితే చెయ్యి కదులుతుంది, బీపీ కూడా పెరుగుతుంది. " తర్వాత అవ్వా అని పిలిచినట్టు అత్త వైపు తిరిగి అంది: "పాటీ, మీరైనా బదులు చెప్పకుండా ఉండాల్సింది."

నర్సుకు అర్థం కాకూడదని కాబోలు, అత్త నాతో మెల్లగా తెలుగులో అంది: "బదులు చెప్పకుంటే తింటినని రాసుకుంటావే."

నిజంగా అలాగే రాసుకునేదాన్ని. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బీపీ చూసే ఆ ఒక్క నిమిషం మీరు నోరెలా మూసుకుంటారో కాస్త నాకు చెప్పండి.