మంచం మీది నుంచి సముద్రం

బొబ్బిలిలోని తన బట్టల కొట్లో చంద్రమౌళి చీర నచ్చిందా అని ఎవర్నీ అడగడు. మడత విప్పి, పమిట తన భుజం మీదే వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతాడు. ఆడవాళ్లు నవ్వుకుంటూనే కొంటారు. సరుకు కోసం విశాఖపట్నం వచ్చినప్పుడల్లా మార్కెట్టు వెనక లాడ్జిలోనే దిగుతాడు. "ఒక్కసారి నన్నూ తీసుకెల్లు, సముద్రం కనబడే పెద్ద హోటల్లో ఉందాం" అని భార్య అప్పలనరసమ్మ అడిగినప్పుడల్లా "సీజన్ అయిపోనీయే" అనేవాడు. ఈ ఉదయం విశాఖ ఆసుపత్రిలో డాక్టరు ఆమెను ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నాడు. వెళ్లేముందు ఒక్కరోజు ఆమెను ఉంచడానికి బీచి రోడ్డులో హోటళ్లన్నీ తిరుగుతున్నాడు. పాలరాతి నేలలూ పూలగుత్తులూ అతనికి పట్టవు. గదిలోకి వెళ్లగానే దుప్పటి అంచు బొటనవేలితో నలిపి చూసి, చెప్పులు విప్పి, మంచమెక్కి కుడిపక్కకి ఒత్తిగిలి పడుకుంటాడు. ఈ గదిలోనూ అలాగే పడుకుని, "సముద్రం లేదమ్మా, కిటికీ కింద గోడే అవుపడతన్నాది" అన్నాడు. గది చూపించడానికి వచ్చిన అమ్మాయి నవ్వాపుకుంటూ, "లేచి కూర్చోండి సార్, మొత్తం కనిపిస్తుంది" అంది. చంద్రమౌళి కదల్లేదు. గోడకేసే చూస్తూ అన్నాడు: "లెగిసి కూసునే ఓపిక మా ఆవిడికి లేదమ్మా."