రెండో బిళ్ళ

టైలరమ్మ నోట్లో నువ్వుగింజ నానదని కూతురే వెక్కిరించేది. ముప్పై ఏళ్లు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి. మొగుడు కత్తెర పట్టేవాడు, ఆవిడ మిషను తొక్కేది. కాలరు పొట్టిగా కోశారని ఆవిడా, కుట్టు వంకరపోయిందని ఆయనా రోజంతా కీచులాడుకునేవాళ్లు. కొట్టు మూసేశాక, నది మీద ఓడలో ఊళ్లు చూడాలని ఆయన ముచ్చటపడి ఇద్దరికీ గది తీసుకున్నాడు. ప్రయాణం ఇంకా రెండు నెలలుందనగా గుండె ఆగి పోయాడు.

కూతురు వద్దన్నా వినకుండా ఆవిడ ఒక్కతే బయల్దేరింది. ఓడ ఎక్కేటప్పుడు గుమాస్తా, "సార్ ఏరండీ?" అన్నాడు.

"వెనకాల వస్తున్నారు" అనేసింది.

ఎందుకన్నదో ఆవిడకే తెలియదు. చావు కబురు అందరికీ కూతురే చెప్పింది. అంత వాగుడు మనిషికీ ఆ ఒక్క మాట నోట రాలేదు. జనం తోసుకొస్తుంటే గుమాస్తా ఇద్దరికీ టిక్కు పెట్టేశాడు.

ఆ ఓడలో ఒక పద్ధతుంది. ఒడ్డుకు దిగేవాళ్లు బోర్డు మీంచి తమ నంబరు బిళ్ళ తీసుకెళ్లాలి, తిరిగొచ్చి తగిలించాలి. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా ఓడ కదలదు. మర్నాడు పొద్దున ఆవిడ తమ గది బిళ్ళలు రెండూ తీసి సంచిలో వేసుకుంది. ఆయాసపడుతూ పాత కోట మెట్లెక్కింది. "చూశారా, ఆ గైడు చొక్కా భుజం ఎలా జారిపోయిందో!" అని పక్కకు తిరిగి అంది కూడా. పక్కనున్న ఎవరో పెద్దాయన బిత్తరపోయి తప్పుకున్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. ఆ పూట హాయిగానే గడిచింది.

సాయంత్రం వచ్చి తన బిళ్ళ తగిలించింది. రెండోది తగిలించబోతే చెయ్యి రాలేదు. తగిలిస్తే ఆయన వచ్చినట్టు. గదిలోకెళ్తే ఆయనుండడు.

అరగంటైంది. "ఏడో నంబరు గది సార్ వెంటనే రావాలి" అని మైకులో పిలుస్తూనే ఉన్నారు. జనం విసుక్కుంటున్నారు. ఓడ మనుషులిద్దరు వెతకడానికి గట్టు మీదికి పరిగెత్తారు. గుమాస్తా చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అమ్మా, సార్ ఎక్కడ తప్పిపోయారు? నీళ్లలో గానీ పడ్డారేమోనని మాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

ఆవిడ బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆయన రారు బాబూ. పోయారు. రెండు నెలలైంది."

గుమాస్తా ఆ బిళ్ళ తీసుకెళ్లి కొక్కేనికి తగిలించాడు. తర్వాత గట్టు మీదివాళ్లను వెనక్కి రమ్మని కేకేశాడు. తాళ్లు విప్పారు. ఒడ్డు మెల్లగా దూరమవుతుంటే, ఆయన్ను ఆ గట్టు మీద తానే వదిలేసి వచ్చేస్తున్నట్టు అనిపించింది ఆవిడకు. కమ్మీ పట్టుకుని, అందరూ చూస్తున్నారని కూడా లేకుండా, బావురుమని ఏడ్చింది.