మా అత్త అడిగిన అభిప్రాయం

మా అత్త పోయిందని నాకు అన్నం గంటలో తెలిసింది. హిందూపురంలో నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో మిషన్ దగ్గరికి ఫోన్ తీసుకుపోనివ్వరు. లాకర్ తెరిచి చూస్తే నాయన నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. ఒకసారి చేసి ఎత్తకపోతే మళ్ళీ చేసే మనిషి కాదు ఆయన. "అక్క పోయిందమ్మా. మగ్గం కాడ కూర్చున్నట్టే పోయింది" అన్నాడు. గుండె ఆగింది. డాక్టర్ అదే చెప్పాడు, నేనూ అదే నమ్ముతున్నాను. ఆమె చావులో దాచిందేమీ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో అన్ని చావుల గురించీ ఇంత ధైర్యంగా చెప్పలేను.

అత్త నాయనకు అక్క. ధర్మవరంలో ఉండేది. చీరలు నేసేది కాదు, పోగులు అతికేది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, కొత్త పడుగు పోగులన్నీ ఒక్కొక్కటిగా పాత కొనలకు కలపాలి. వేల పోగులు. వేళ్ళకు బూడిద అద్దుకొని, రెండు కొనలూ పట్టి ఒక్క మెలి పెట్టేది. అంతే, అవి పుట్టుకతోనే ఒకటే పోగు అన్నట్టు ఉండేవి. ఈ రోజు ఒక ఇల్లు, రేపు ఇంకో ఇల్లు. తల ఎత్తేది కాదు. అందుకే ఆ ఇండ్లవాళ్ళు ఆమె అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయి మాట్లాడుకునేవాళ్ళు.

నేను పదో తరగతి తప్పి మార్కుల కాగితం బియ్యం డబ్బాలో దాచినప్పుడు, కనిపెట్టింది ఆమే. తిట్టలేదు. "కోడలా, తెగిన పోగు దాచినావనుకో, చీర పొడుగునా కనపడతాది. తెగిందని చెప్పి అతుకు" అంది. నేనే పోయి నాయనకు చూపించాను. ఆ తర్వాత నేను బడికి పోలేదు. అత్త మాత్రం ఇల్లిల్లూ అడిగి పాత వారపత్రికలు తెచ్చి నా ముందు పడేసేది. ఆమెకు చదువు రాదు. "చదువు, నేనింటా" అనేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ పత్రికల పుణ్యమే.

నన్ను చూడడానికి ప్యాసింజర్ బండెక్కి హిందూపురం వచ్చేది. నేను తిరిగి దింపడానికి తోడు పోయినప్పుడు ఒకటి గమనించాను. పెనుకొండ స్టేషన్‌లో బండి ఆగితే ఆమె మాట కూడా ఆగేది. మధ్యలోనే ఆగేది. "ఆ పిల్ల మొగుడు చూడు..." అని అంటూ ఉంటే బండి ఆగిందా, నోరు మూసుకొని ఒళ్ళో చేతులు చూసుకునేది. బండి కదిలి కొండ వెనక్కి పోయాక "...వాడు మంచోడేలే" అని పూర్తి చేసేది. నడుమ ఏమీ జరగనట్టు. అడగలేదు. మా ఇంట్లో అడగకూడదని ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను.

ఇంతలో ఆ సినిమా వచ్చింది. మీరూ చూసే ఉంటారు. ఒక చిన్న ఊరు, ఐదు ఖూనీలు, చేసిందెవరో చెప్పకుండానే తెర నల్లగా అయిపోతుంది. మా ఫ్యాక్టరీలో నెల రోజులు అదే గోల. ఒకతి డాక్టర్ అంటుంది, ఇంకొకతి బావ అంటుంది, సూపర్‌వైజర్ అయితే ఆ పోలీసోడే అని ఒట్టు పెట్టాడు. నేను కూడా ముగ్గురి పేర్లు చెప్పి, ముగ్గురికీ కారణాలు రాసి ఫోన్‌లో స్టేటస్ పెట్టాను. మెచ్చుకున్నారు. పొంగిపోయాను.

అత్త ఆ సినిమాను ముక్కలు ముక్కలుగా విన్నది. చూడలేదు, విన్నది. పోగుల మీదినుంచి కళ్ళు తీయకూడదు కదా. ఒక ఇంట్లో టీవీలో మొదలు, ఇంకో ఇంట్లో నడిమధ్య. మూడో ఇంట్లో చివరికి వచ్చేసరికి కరెంటు పోయింది. "సంపినోడు ఎవరప్పా?" అని అందరినీ అడిగింది. ఇంటికొక పేరు చెప్పారు. ఒక రోజు నాకు ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఏమ్మే కోడలా, ఈ ఊర్లో సినిమాలో ఖూనీని కూడా దాస్తాండారే."

నేను పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ ఆదివారం ధర్మవరం పోయి, పట్టపగలు తలుపు తెరిచే పెట్టుకొని, నా ఫోన్‌లో సినిమా మొదటినుంచి చివరిదాకా చూపించాను. తెర నల్లబడ్డాక చాలాసేపు చూస్తూనే ఉంది. ఆ నల్లటి అద్దంలో ఆమె ముఖమే కనబడుతోంది.

"అయితే వాళ్ళు అబద్ధం చెప్పలేదు" అంది. "తెలీకపోయినా చెప్పినారు. తలా ఒక అభిప్రాయం."

"అది సినిమా కదత్తా."

"మా చెల్లెలి మీద ఒక్కరికన్నా ఒక అభిప్రాయం ఉండాదా?"

చిన్నత్త గురించి ఆమె నోటినుంచి నేను విన్నది అదే మొదలు. నేను పుట్టకముందు మాట. పెనుకొండలో ఒక పెళ్ళికి వీధి వీధంతా బస్సు మాట్లాడుకొని పోయింది. మరునాడు పొద్దున చిన్నత్త కొండ కింద పాత బావిలో తేలింది. కాలు జారిందని పోలీసులు కాగితంలో రాసుకొని పోయారు. వీధి కూడా అదే మాట పట్టుకుంది. ఒళ్ళు కడిగింది మా అత్త.

"పెండ్లికని నేనే జడేసి రిబ్బన్ కట్టినా" అంది. "బావిలోనుంచి తీసినప్పుడు అదే రిబ్బన్, అదే జడ. ముడి మాత్రం నాది కాదు. ఎడమచేతి ముడి. ఎవరో ఇప్పి, మళ్ళా కట్టినారు. నిదానంగా, బాగా కట్టినారు."

బయట ఎండ కాస్తోంది. నాకు చలేసింది.

అప్పుడు అర్థమైంది, ఆమె ఇల్లిల్లూ తిరిగే పనే ఎందుకు పట్టుకుందో. నులకమంచం, బియ్యం మూట, పరదా తాడు, ఎవరింట్లో ఏది ముడేసి ఉన్నా చూసేది.

"దొరికిందా అత్తా?"

"అట్ల ముడేసే ఇండ్లు ఈ వీధిలో నాలుగుండాయి. మూడిండ్లలో మంచోళ్ళుండారు."

"నాలుగోది?"

చెప్పలేదు. "నేను చెప్తే చెల్లెలు పోయి మతి చెడిందంటారు. మీ నాయన ఆ మాటెత్తితే బీడీకని లేచిపోతాడు. నువ్వు చెప్పు. నీకెవరని అనిపిస్తాది?"

"నాకేం తెలుసత్తా? నేను పుట్టనే లేదు."

"ఆ సినిమాలో ఊరు నువ్వు పుట్టిన ఊరా? ముగ్గురి పేర్లు చెప్తివంటనే."

బండికి టైమైందని లేచి వచ్చేశాను. అత్తతో నేను మాట్లాడిన చివరి మాట "టైమైంది". దాన్ని ఏ బూడిద అద్దుకొని అతకాలో నాకు తెలియదు.

పదకొండో రోజు మధ్యాహ్నం దినం భోజనాలు. వీధంతా వచ్చింది. "ఎంత చల్లని చెయ్యి" అన్నారు, "ఆమె అతికితే మళ్ళీ తెగేది కాదు" అన్నారు. నిజమే. నేను అన్నం గంప పట్టుకొని వడ్డిస్తున్నాను. రెండో పంక్తిలో ఎవరో ఆ సినిమా ఎత్తారు.

"రెండో భాగం వస్తాందంట. దాంట్లో తెలుస్తాది."

"తెలిసేదేముండాది, డాక్టరే."

"నీ బొంద! బావ గాక ఇంకెవరు?"

నవ్వులు. నా చేతిలో గంప బరువెక్కింది. కింద పెట్టేశాను.

"సరే. మా చిన్నత్తను సంపిందెవరని మీ అభిప్రాయం?"

పంక్తి పొడుగునా చేతులు ఆకుల మీదే ఆగిపోయాయి. ఒక పెద్దాయన తల ఎత్తకుండా "ఎప్పటి మాటలే పాపా, తినేటప్పుడు" అన్నాడు.

"సినిమాలో ఐదు మందిని తింటానే సంపితిరి కదా!"

గోడకు ఫ్యాన్ తిరిగే చప్పుడు. పంక్తి చివర కూర్చున్న ఒక అవ్వ ఆకు మడిచింది. "కాలు జారలా" అంది. "ఆ పిల్లకు బావులంటే భయం. నీళ్ళు తోడేదానికి కూడా పోయేది కాదు. నేనెరుగుదు."

ఇన్నేళ్ళలో మొదటి అభిప్రాయం.

ఆమె పక్కనున్న ఇంకొకామె, నీళ్ళ గ్లాసులోకి చూస్తూ, "పెండ్లినుంచి వచ్చేటప్పుడు బస్సులో ఒక మొగమనిషి తక్కువుండె" అంది. "తక్కువుండె అని నేను ఆపొద్దే మా ఇంటాయనతో అంటి. నోర్మూసుకోమన్నాడు."

అంతకుమించి ఎవరూ చెప్పలేదు. కుర్చీల చప్పుడు, చేతులు కడిగే చప్పుడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎవరు ముందు పోయారో, ఎవరు వెనక పోయారో నేను చూడలేదు. చూసి ఉండాల్సింది.

అందరూ పోయాక గడప బయట ఒక జత చెప్పులు మిగిలాయి. మగవాళ్ళవి, తోలువి, మడమ దగ్గర అరిగినవి. ఎవరో తొందరలో ఒట్టి కాళ్ళతోనే పోయినట్టున్నారు. తీయబోయాను.

"ముట్టుకోవాకు" అన్నాడు నాయన వెనకనుంచి.

"ఎవరివి నాయనా?"

"తెల్దు." వాటివైపు చూడకుండానే అన్నాడు. ఈసారి బీడీకని లేచిపోలేదు. అక్కడే, గడప మీద, కూర్చుండిపోయాడు.

వీధిలో ఇల్లిల్లూ అడిగించాను. మావి కాదంటే మావి కాదన్నారు. ఇది రాస్తున్న రోజుకీ అవి అక్కడే ఉన్నాయి. ఎండకు తోలు ముడుచుకుంది. నిన్నటి వానకు మడమల గుంటల్లో నీళ్ళు నిలిచాయి. దారిన పోయేవాళ్ళు అక్కడికి వచ్చేసరికి మాట ఆపి, కొంచెం పక్కకు జరిగి నడుస్తున్నారు.