పక్కింటి పసుపు బస్తాలు

ఆ బస్తాలను వెనక గోడకే ఆనించమని మా అవ్వ ఎందుకు అన్నదో నాకు తెలుసు. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. మట్టిగోడ పొట్ట ఉబ్బి లోపలికి వంగింది. దన్నుగా బాపు ఒక దుంగ నిలబెట్టాడు. ఎవరైనా ఇంటికి వస్తే అది కనబడుతుందేమోనని అవ్వ చూపు ముందు ఆ దుంగ మీదికే పోయేది.

బస్తాలు పక్కింటి కాకవి, బాపుకు తమ్ముడి వరుస ఆయన. కల్లం మీద మబ్బు పట్టింది, ఆయన కొట్టమేమో కారుతుంది. నిజామాబాద్ మార్కెట్‌కు బండి దొరికేదాకా పెట్టుకుంటానని మా ఇంట్లో వేయించాడు. మా చేనులో ఆ ఏడు పసుపు దుంప కుళ్లింది. ఉడకబెట్టడానికి కొమ్ము మిగల్లేదు.

మరునాడే సర్కారు ఇళ్ల మంజూరు కోసం ఆఫీసు సారు మా ఇల్లు చూడటానికి వచ్చాడు. కాక ఇంటి నుంచి అవ్వ కుర్చీ తెప్పించి, చాయ్ పోసి ఇచ్చింది. ఆయన కళ్లు బస్తాల మీద పడ్డాయి.

"పంట మంచిగనే వచ్చినట్టుందమ్మా?"

మా దగ్గర ఆడవాళ్లు ఇంట్లో పసుపు లేదని నోటితో అనరు. పుస్తెల మీదికి వస్తుందని భయం. డబ్బా అడుగు కనబడుతున్నా అవ్వ "నిండుకుంది బిడ్డా" అనే అంటుంది.

"మీ దయ సారూ, ఉన్నది," అంది అవ్వ.

నలుగురిలో నేను పెద్దగా మాట్లాడను. అయినా చేతిలోని పుస్తకం మూసి లేచాను. "సార్, అవి మావి కావు. పక్కింటి కాకవి."

ఆయన నవ్వాడు. "సదువుకున్న పిల్ల, తెలివి మస్తుంది. బస్తాలు మీ ఇంట్ల, పసుపేమో కాకదా?"

నేను అవ్వ వైపు చూశాను. ఒక్క మాట చాలు. అవ్వ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇళ్లు వచ్చిన వాళ్లలో మేము లేమని తెలిసిన రోజు బాపు అన్నం పళ్లెం పక్కకు జరిపి అవ్వను అడిగాడు.

"పసుపు లేదనొద్దు, సరే. మాది గాదు అంటే ఏం పోతుండె?"

"ఇంట్ల ఉన్న పసుపును మాది గాదంటే లచ్చిమిని ఎల్లగొట్టినట్టు గాదా?"

"ఇప్పుడు ఉన్నదా మరి, నీ లచ్చిమి?"

అవ్వ బియ్యం చేట ముందుకు లాక్కుంది. అప్పుడే వచ్చిన కాక గడపలో నిలబడి, "ఏం వదినా, నా పసుపు నిన్ను షావుకారిని జేసిందే!" అని నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. చేటలో రాళ్లేరుతున్న చేయి ఆగలేదు.

వానలు మొదలవగానే, కూలేదాకా ఆగడమెందుకని బాపు ఆ గోడను తనే పడగొట్టాడు. ఇప్పుడక్కడ నీలం ప్లాస్టిక్ కవరు కట్టి ఉంది. గాలి వీస్తే పొయ్యి మంట పక్కకు పోతుంది. శనివారం హాస్టల్ నుంచి వచ్చినప్పుడు నా పుస్తకాలు బియ్యం డ్రమ్ము మీద పెడతాను, అదొక్కటే పొడిగా ఉండే చోటు. ఒక్క మాటకు ఇంత జరిగిందని అవ్వ మీద కోపం తెచ్చుకుందామనుకుంటాను. రాదు. బాపు పాణం కోసమే కదా ఆమె ఆ మాట దాచుకుంది.

మొన్న, మళ్లీ ఇళ్లు చూడటానికి వస్తారని ఊళ్లో చెప్పుకున్నారు. అవ్వ కవరు అంచుకు రాయి పెడుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఈసారి ఏమడిగినా నువ్వే చెప్పు బిడ్డా. జర గట్టిగ చెప్పు. నేను పోయి కాక వాళ్లింట్ల కూసుంట."