సోడాబుడ్డి మీద ఇరుకు హెడ్‌సెట్

అబద్ధానికి అవసరం కావాలని పెద్దలంటారు గానీ, ఆ రోజుల్లో నాకు నోరు ఖాళీగా ఉంటే చాలు. పులికాట్ సరస్సు దగ్గర ఒక కొంగ నా కళ్లజోడు తన్నుకుపోయిందని, అది పెట్టుకున్నాక దానికి చేపలు రెట్టింపు దొరికాయని మా వీధిలో సగంమందిని నమ్మించినవాణ్ని. (నిజానికి ఆ కళ్లజోడు మీద నేనే కూర్చున్నాను.) అలాంటి కతలు వందల్లో చెప్పి ఉంటాను. వాటిలో ఏ ఒక్కటీ నన్ను బాధపెట్టలేదు. కానీ ఒక మాట ఉంది. కత కూడా కాదు, ఒకే ఒక్క వాక్యం. పదేళ్లు దాటాయి, జుట్టు వెనక్కీ పొట్ట ముందుకీ ప్రయాణం చేశాయి, అయినా అది గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. నవ్వితే నవ్వండి, మధ్యలో మాత్రం ఒకసారి ఆగి నన్ను తిట్టండి. నాకు కాస్త హాయిగా ఉంటుంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం దొరక్క, తిరుపతిలో మా బావ అంగడిలో చేరాను. బావ అంటే మా అక్క మొగుడు. బస్టాండు దగ్గరి సందులో ఆయనకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఆ సెంటర్‌లో ఫ్యాన్లు తప్ప ఏవీ తిరగడం లేదు. కౌంటర్ మాత్రం మొదటినుంచీ అక్కది. పెళ్లయిన ఏడాదే వచ్చి కూర్చుంది. ఇంట్లో ఎవరైనా పిలిస్తే "ఆఁ" అని పలికే మనిషి, ఆ కౌంటర్ వెనక కూర్చుంటే "చెప్పండి" అనేది. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరమో అప్పట్లో నాకు తెలియదు. దూరంగా ఉన్నవి నాకెప్పుడూ కనిపించవు కదా. మా నాయన ఆస్తిలో అక్కకూ నాకూ సమానంగా వచ్చింది దూరపు చూపు లేకపోవడం ఒక్కటే. అక్కవి సన్నటి అద్దాలు. నావి సోడా సీసా అడుగు కోసి అతికించినట్టుండేవి. బళ్లో నా పేరే సోడాబుడ్డి.

ఒకరోజు బావ దిగాలుగా కూర్చుని ఉంటే చూడలేక (నోరు కూడా ఖాళీగా ఉండింది) వి.ఆర్. ఆటల గురించి చెప్పాను. తలకు హెడ్‌సెట్ తగిలించుకుంటే నాలుగు గోడల మధ్యే కొండలెక్కి సముద్రాల్లో దూకవచ్చని, బెంగళూరులో ఒక పెద్ద కంపెనీవాళ్లు వాటిని పరీక్షించే ఉద్యోగానికి నన్ను బతిమాలితే అక్కను వదిలి ఉండలేక వద్దన్నానని. (బెంగళూరుకు వెళ్లింది స్నేహితుడి పెళ్లికి. అక్కడొక మాల్‌లో హెడ్‌సెట్ కోసం వరుసలో నిలబడి, నా వంతు వచ్చేలోగా భోజనాల వేళయిందని వెనక్కి వచ్చేశాను.) బావ కళ్లు వెలిగాయి. "అయితే మనమే పెడదాం. హెడ్‌సెట్ నువ్వే ఎంచాల," అన్నాడు.

బావా నేనూ చెన్నైకి బయలుదేరే ముందు అక్క ఒక్క మాట చెప్పింది.

"రేయ్, మన మాదిరి అద్దాలోళ్లు గూడా వస్తారు గదా. అద్దాల పైన పెట్టుకోను అయితాదా లేదా సూసి తీసుకోండి."

"అక్కా, తెర కంటికి రెండంగుళాల దూరంలో ఉంటాది. మనకు లేనిది దూరం చూపు. దగ్గర చూపు బంగారం మాదిరి ఉండాది గదా! దాంట్లోకి అద్దాలు ఎందుకు?"

"అట్లనా?" అంది అక్క. అలా అన్నప్పుడు ఆమె కళ్లజోడు పైనుంచి చూస్తుంది.

"సూస్తివా, మీవాడికి తెలవంది లేదు," అన్నాడు బావ గర్వంగా.

చెన్నై అంగడిలో రెండు రకాలు ముందు పెట్టారు. ఒకటి వెడల్పు మూతిది, లోపల కంటికీ లెన్సుకూ మధ్య ఎడం పెంచే ప్లాస్టిక్ చట్రం ఉంది, చూడటానికి మాత్రం బోర్లించిన దబరగిన్నెలా ఉంది. రెండోది సన్నగా, నల్లగా, పాలిష్ చేసిన పోలీసు బూటులా మెరుస్తోంది. నా చెయ్యి దానిమీదికే వెళ్లింది. అమ్మే కుర్రాడు తమిళం కలిపిన తెలుగులో మొత్తుకున్నాడు. "సార్, మీ కన్నాడి తీయొద్దు సార్! పెద్దది తీసుకోండి, కన్నాడి పైనే పెట్టుకోవచ్చు. తెర దగ్గర ఉన్నా, లెన్సు వల్ల బొమ్మ దూరంలో ఉండే మాదిరే కనబడతాది. దూరం తెలీనోళ్లకి కన్నాడి వేణుం, కావాల సార్." నేను చిన్నగా నవ్వి, "తమ్ముడూ, నేను బెంగళూరులో టెస్టింగ్ సైడు," అన్నాను. అతను నోరు మూసుకున్నాడు. తెలిసినవాడి నోరు తెలియనివాడు మూయించడం ఇంత సులభమని మొదటిసారి తెలిసింది.

నల్లదాన్ని ముందు బావ పెట్టుకుని చూశాడు. తర్వాత నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని దూర్చుకున్నాను. లోపల పచ్చగా ఏదో, నీలంగా ఏదో. ఉప్మా గిన్నెను మిద్దెమీదినుంచి చూస్తే కరివేపాకు ఎంత తెలుస్తుందో అంత తెలుస్తోంది. అక్కడే ఆ అబ్బాయి చెప్పింది అర్థమైంది. అప్పుడే తీసి, "బావా, నాకు కనబడలేదు" అని ఉంటే ఈ కతే లేదు.

"ఎట్ల ఉండాది రా?" అన్నాడు బావ.

"బ్రహ్మాండం బావా! ఆడ కొండమీద మేక ఉండాది సూడు, దాని గడ్డం వెంట్రుకలు లెక్కబెట్టచ్చు."

"మేక యాడిదిరా? నాకు సముద్రంలో ఓడ కనబడింది."

"నీ ఎత్తు వేరు, నా ఎత్తు వేరు గదా బావా."

నమ్మాడు! కుర్రాడు మాత్రం ఆ హెడ్‌సెట్‌ను పెట్టెలో సర్దుతూ నావైపు చూసిన చూపు, కళ్లజోడు లేకపోయినా నాకు స్పష్టంగా కనిపించింది.

అంగడి తెరిచాక మొదటి వారంలోనే తేలిపోయింది. ఊళ్లో సగంమంది కళ్లజోళ్లవాళ్లే. వాళ్లు అద్దాలు తీసి లోపలికి చూసి, "ఏమప్పా, ఏమీ తెలవలే," అంటే నేను తడుముకోకుండా, "అది హిమాలయాల ఆట సార్, పొగమంచు ఉంటాది," అనేవాణ్ని. కుప్పం నుంచి వచ్చిన ఒక పెద్దాయన పావుగంట ఆ మంచులోనే తిరిగి, "నిండా చలిగా ఉండాదబ్బా," అని తువ్వాలు కప్పుకుని మరీ వెళ్లాడు.

ఇక రెండో రకం కస్టమర్లు గుండ్లు. కొండమీద తలనీలాలిచ్చి, గుండుకు చందనం పూసుకుని, రైలుకు ఇంకా వేళ ఉందని కుటుంబంతో సహా వచ్చేవారు. చందనం గుండుమీద హెడ్‌సెట్ పట్టీ నిలుస్తుందా? ఆటలో వాళ్లు బాణం ఎక్కుపెట్టేసరికి సర్రుమని జారి మెడలో పడేది. అక్కే ఉపాయం కనిపెట్టింది. ముందు తలకు ఉతికిన తువ్వాలు చుట్టి, దానిమీద పట్టీ బిగించేది. ఆట అయ్యాక తడిగుడ్డతో పట్టీకి అంటిన చందనం తుడిచేది. లెన్సులకు మాత్రం తన కళ్లజోడు డబ్బాలోని మెత్తటి గుడ్డ. గుండ్లన్నీ అక్కను "అమ్మా, అమ్మా" అని పిలిచేవి. అక్క నవ్వడం అంతగా ఎప్పుడూ చూడలేదు.

అందరూ ఆడుతుంటే నాకూ ఆడాలని ఉండేది. కళ్లజోడు తీస్తే మంచు, పెట్టుకుంటే హెడ్‌సెట్ దూరదు. ఒక మధ్యాహ్నం బావా అక్కా భోజనానికి ఇంటికెళ్లారు. నేను షట్టర్ సగం దించి, సోడాబుడ్డి మీదనే హెడ్‌సెట్‌ను తోశాను. ముక్కు దూలం మూలిగింది, చెవులు ముడుచుకున్నాయి, అయినా దూరింది. అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో! ఓడ కనిపించింది. (మేక లేదు.) ఆ ఆనందంలో ఓడ అంచుకు వెళ్లాను, కింద సముద్రం, అందులోంచి ఒక సొరచేప నా ముఖంమీదికే ఎగిరింది. కెవ్వుమని అరిచి హెడ్‌సెట్‌ను రెండు చేతులా పెరికాను. లోపల 'కిర్రు'మంది. చూస్తే రెండు లెన్సుల మీదా నెలవంకల్లాంటి గీతలు, నా కళ్లజోడు అంచు ఎంత వంపు ఉందో అంతే వంపు.

సాయంత్రం ఒకాయన హెడ్‌సెట్ తీసి, "ఆకాశంలో గీత ఉండాదే?" అన్నాడు. బావ వెలుతురులో తిప్పి చూశాడు. ముఖం నల్లబడింది. "ఎవరు చేసినారు ఇది?" అన్నాడు. అంగడిలో పదిమంది ఉన్నారు. అక్క కౌంటర్ దగ్గర తువ్వాళ్లు మడతపెడుతోంది. సరిగ్గా అప్పుడు నా నోటినుంచి ఆ వాక్యం వచ్చింది.

"అక్క దినామూ తుడస్తాది గదా బావా, గుడ్డలో ఇసక ఏమన్నా ఉండిందేమో."

ఇక్కడే మీరు ఆగి నన్ను తిట్టవలసింది.

బావ చెడ్డవాడు కాదు. కానీ పదిమంది ముందు భయపడిన మనిషి. "చదువూ సంధ్యా లేనోళ్ల చేతికి ఇస్తే ఇంతే! రేపట్నుంచి నువ్వు అంగడికి రావద్దు. ఇంట్లో ఉండు," అన్నాడు. అక్క నావైపు చూడలేదు, ఎవరివైపూ చూడలేదు. మడతపెడుతున్న తువ్వాలును పూర్తిగా మడతపెట్టి, మిగతా వాటి పైన ఉంచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

పది రోజులు గడిచాయి. కౌంటర్‌లో నేను కూర్చున్నాను. పట్టీ చందనంతో గట్టిపడి చెక్కలా అయింది. గుండ్లవాళ్లు "అమ్మ లేదా?" అని అడిగి వెళ్లిపోయేవారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఒక్క కతా పుట్టలేదు. ఆదివారం అక్క ఇంటికి భోజనానికి వెళ్లాను. బావా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. అక్క నాకు సంగటి ముద్ద పెట్టి, నాకిష్టమని ఊరిబిండి పచ్చడి ఇంకో గరిటె వేసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"రేయ్, ఆ గుడ్డలోకి ఇసక యాడినుంచి వచ్చింటాదిరా? దినామూ ఉతుకుతానే ఉంటిని గదా. ఎంత ఆలోచన చేసినా తెలవలే."

తప్పు తనదేనని నమ్మేసింది! పది రోజులుగా లేని ఇసుకను వెతుకుతోంది. చేతిలోని సంగటి పళ్లెంలో పెట్టేశాను.

"బావా, గీతలు గీసింది అక్క కాదు, నేను," అన్నాను. మొత్తం చెప్పాను. మధ్యాహ్నం, షట్టర్, సోడాబుడ్డి, సొరచేప, అన్నీ. చెన్నైలో నాకేమీ కనిపించలేదని కూడా చెప్పాను. చెప్పి, చెంప సిద్ధం చేసుకుని కూర్చున్నాను.

బావ చెయ్యి కడుక్కున్నాడు. నావైపు తిరిగాడు. ఆయన కళ్లలో నీళ్లు!

"రేయ్, నిన్ను నేను ఏమేమో అనుకుంటిరా. అక్క కోసరం నింద నెత్తిన పెట్టుకుంటాండావే!"

"లేదు బావా, నిజంగా నేనే."

"కొంగ కత చెప్పినప్పుడు గూడా నిజంగా అనే చెప్పినావు. సొరచేప అంట, దుంకిందంట! కత గూడా సరిగ్గా అతకలేదురా నీకు, ప్రేమ అట్లాంటిది."

నాకు ఏడుపొచ్చింది. "కాణిపాకం పోదాం పద బావా. కోనేట్లో మునిగి సామి ముందర ప్రమాణం చేస్తా!" అన్నాను. కాణిపాకం వినాయకుడి ముందు దొంగ ప్రమాణం చేసినవాడు బాగుపడడని మావైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంతకు మించిన సాక్ష్యం లేదు. బావ హడలిపోయి నా నోరు మూశాడు.

"వద్దురా నాయనా! అక్క కోసరం అంత పని చేస్తావా? కండ్లు పోతాయిరా, ముందే సోడాబుడ్డివి!"

ఆ తర్వాత అక్కవైపు తిరిగి, "తమ్ముడే నీకోసరం ఇంత చేస్తాంటే, నేను నలుగురిలో అంత మాట అంటినే," అని తల దించుకున్నాడు. "రేపట్నుంచి నీ కౌంటర్ నీదే."

మర్నాడు ఉదయం అక్క వచ్చింది. వస్తూనే నా ముఖంమీదినుంచి కళ్లజోడు తీసి, హెడ్‌సెట్ లోపల గీతకు ఆనించి చూసింది. అతికినట్టు సరిపోయింది. కళ్లజోడు లేక ఆమె ముఖం నాకు కనిపించలేదు. కనిపించకపోవడమే మేలనిపించింది.

"పది దినాలు నన్ను నేనే తిట్టుకుంటి గదరా," అంది.

"బావకు ఇంకొకసారి చెప్తా అక్కా. ఇది చూపిస్తా."

"ఏమీ వద్దు. ఆయప్ప ఇప్పుడు నిండా మెత్తగా ఉండాడు. అట్లనే ఉండనీ." కళ్లజోడు నా చేతిలో పెట్టింది. "చెన్నైకి ఈసారి నేను పోతా. నువ్వు అంగట్లో ఉండి పట్టీలు కడుగు."

అన్నట్టే వెళ్లింది. దబరగిన్నెలాంటి దాన్నే తెచ్చింది. చెన్నై అంగడిలో తన అద్దాలు తీయకుండానే పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి, ఒంగి, లేచి, ఫ్రేము ఎక్కడైనా లెన్సుకు తగులుతోందేమో చూసుకుని మరీ తెచ్చింది. ముందు ముఖానికి ఆనించి తర్వాత పట్టీ వెనక్కి లాగాలని, తీసేటప్పుడు నింపాదిగా ముందుకు ఎత్తాలని మాకందరికీ నేర్పింది. హిమాలయాల్లో మంచు ఆ రోజుతో కరిగిపోయింది.

ఇప్పటికీ ఏ పెళ్లిలోనైనా, భోజనాల బంతిలో బావ నా భుజంమీద చెయ్యి వేసి పక్కవాళ్లకు మొదలుపెడతాడు. "మా బావమరిది నోరు తెరిస్తే కతలే గానీ, అక్క కోసరం తప్పు నెత్తినేసుకున్నోడప్పా." నేను తల వంచుకుంటాను. జనం దాన్ని అణకువ అనుకుంటారు. ఎదుటి బంతిలో అక్క వింటూనే ఉంటుంది, మొగుడి మాట సరిదిద్దదు. ఒక్క క్షణం నావైపు చూసి, మళ్లీ అన్నం కలుపుకుంటుంది. నాకు ఆ ఇరవై ఆరేళ్లవాడు గుర్తొస్తాడు. చెంప సిద్ధం చేసుకుని, సంగటి ముందు కూర్చుని, జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పి, చచ్చినా నమ్మించలేకపోయిన వెర్రివాడు. వాణ్ని తలుచుకుని తల ఎత్తకుండానే కాస్త నవ్వుకుంటాను. ఆ నవ్వు చూసి బావ, "సూడండి, ఎట్ల సిగ్గుపడతాండాడో!" అంటాడు. ఆయన నన్ను పొగిడే మాటల్లో నిజం అదొక్కటే.