కాళ్లకు నీళ్లు

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉన్న ఒక పెద్దాయన మా స్కూలు ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తానని వచ్చినప్పుడు నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. వెంటనే ఆయన షరతు చెప్పేసరికి నా మొహం మాడిపోయింది. ప్రతి శనివారం సాయంత్రం ఆ పిల్లలకు విలువల తరగతి చెప్పాలట. దానికో పుస్తకం ఆయనే రాసి, అచ్చు వేయించి, అట్టపెట్టెలో పట్టుకొచ్చారు. పదో తరగతి తర్వాత ఇంటరూ డిగ్రీ అయ్యేదాకా ఫీజూ హాస్టలూ ఆయన చూసుకుంటారు. తరగతి నా నెత్తిన పడింది. తెలుగు టీచర్ని కాబట్టి నీతులు చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నారు కాబోలు.

ఆయన్ని వెక్కిరించడం తేలికే. కానీ ఆ డబ్బు ఎందుకిస్తున్నారో విన్నాక నేను నోరు మూసుకున్నాను. ఆయన ఫ్యాక్టరీ పక్కన రొయ్యలు ఒలిచే షెడ్డు ఒకటి ఉంది. అక్కడ పనిచేసే పిల్ల ఒకతి ఐసు కోసం వచ్చినప్పుడల్లా ఈయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదట. గల్ఫులో ఇంటిపని అని ఎవరో చెబితే నమ్మి వెళ్లింది. మళ్లీ రాలేదు. అసలు వెళ్లింది గల్ఫుకో ఇంకెక్కడికో ఈరోజుకీ ఎవరికీ తెలియదు. చదువులో ఉన్న పిల్లనైతే ఎత్తుకుపోవడం అంత తేలిక కాదు కదండీ అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది. పుస్తకం మాత్రం నచ్చలేదు.

మా స్కూలు నరసాపురం నుంచి సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. పిల్లల్లో సగంమంది సముద్రంలో వేటకు వెళ్లే ఇళ్ల నుంచి వస్తారు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కుతాయి, ఇళ్లల్లో రాబడి ఆగిపోతుంది, బడికి కూడా సరిగ్గా అప్పుడే సెలవులు. పని ఇప్పిస్తామనే వాళ్లు మా ఊళ్లలోకి దిగేది ఆ రెండు నెలల్లోనే. వాళ్లను చూస్తే భయం వేయదు. శుభ్రంగా చీర కట్టుకుని, పిల్లలకు బిస్కెట్లు పట్టుకుని, వదినా అక్కా అని వరసలు కలుపుతూ వస్తారు.

పెద్దాయన పుస్తకంలో పరువు గురించి ఒక పాఠం ఉంది. ఆడపిల్ల అద్దం లాంటిదనీ, బీట పడితే అతకదనీ రాశారు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. వానాకాలంలో ఒక శనివారం దాన్ని దాటేసి ఆచారాల పాఠానికి వెళ్లి, మీ ఇళ్లలో మీకు నచ్చిన ఆచారం ఒకటి చెప్పండి అన్నాను. అందరూ గోరింటాకు, పేరంటాలు అన్నారు. చివరి బెంచీలో ఎప్పుడూ ఒకే స్నేహితురాలిని అతుక్కుని కూర్చునే పిల్ల లేచింది. లెక్కల్లో చురుకు, మాటల్లో పొదుపు.

"మా ఊళ్లో ఒక పడవ రాకపోతే మిగతావేవీ వేటకెళ్లవండి. అన్నీ దాన్ని వెతకడానికే వెళ్తాయి."

ఇంకా చెప్పమన్నాను. ఆ పడవ వాళ్లతో తగువున్న వాళ్లు కూడా వెళ్లాల్సిందేనట. తిరిగొచ్చిన మనిషిని ఎక్కడికి పోయావని, ఏమైందని ఎవరూ అడగరట. ఆడవాళ్లు కాళ్లకు నీళ్లిచ్చి ముందు అన్నం పెడతారట. వాడు చెప్పుకుంటే వింటారు, లేకపోతే లేదు. పుస్తకం మొత్తం మీద ఇంత మంచి మాట లేదని నేను పైకే అనేశాను. ఆ పిల్ల సిగ్గుపడి కూర్చుంది.

మంచి మార్కులతో పది పాసయింది. స్కాలర్‌షిప్పు వచ్చింది. భీమవరంలో ఇంటరు సీటూ హాస్టల్లో మంచమూ ఖాయమయ్యాయి. ఆ సెలవుల్లోనే పక్క ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. పిల్లలంతా ఆవిడను పిన్ని అనేవారు. రొయ్యల కంపెనీలో పని, తిండీ బసా వాళ్లే, కాలేజీలు తెరిచేలోపు తెచ్చి దింపేస్తాను అంది. తండ్రి సరే అన్నాడు. కాలేజీకి కొత్త బట్టలు కొనుక్కోవచ్చని పిల్ల కూడా సంబరపడిందట. ఇదంతా నాకు తెలిసేసరికి ఆమె వెళ్లిపోయి చాలా రోజులైంది. ఆ ఇంటి వాళ్లు ఆరోజు నా ఎదురుగా లేకపోవడం వాళ్ల అదృష్టం.

ఆ రాత్రితో నిషేధం అయిపోతుందనగా, మధ్యాహ్నం ఆ స్నేహితురాలు మా ఇంటికొచ్చింది. ఎండలో నడిచొచ్చిన మొహం కందగడ్డలా ఉంది. ముందురోజు తెలియని నంబరు నుంచి ఫోనొచ్చిందట. పనికి వెళ్లిన పిల్లే, ఎవరి ఫోనో అడిగి తీసుకుని, గుసగుసగా మాట్లాడిందట.

"ఇది కంపెనీ కాదే. మా ఫోన్లు లాగేసుకున్నారు. బయటికి పోనివ్వట్లేదు. నాన్నకి చెప్పు."

ఇంకేదో అనబోతుండగా ఫోను ఆగిపోయింది. ఈ పిల్ల పరిగెత్తుకెళ్లి ఆ తండ్రికి చెప్పింది. ఎవరితోనూ అననని ఆయన దీని చేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తప్పినందుకు ఏడుస్తూ నా దగ్గరకొచ్చింది. మంచిపని చేశావని చెప్పి, బండి మీద ఎక్కించుకుని వాళ్ల ఊరు వెళ్లాను.

ఆయన ఒడ్డున పడవకు రంగు వేస్తున్నాడు. తెల్లవారితే వేట మొదలు. పడవ ముక్కుకు అప్పటికే పసుపు పూసి ఉంది. పోలీసులకు చెబుదాం రమ్మన్నాను. ఆయన బ్రష్షు ఆపలేదు.

"ఊళ్లో తెలిస్తే దాని బతుకేమవుద్దండి, మేడం గారూ? రేపు దాన్నెవరు చేసుకుంటారు? మీరెళ్లి చెబితే, పనికి నేనే పంపానని చెప్తానండి."

దుర్మార్గుడైతే నాలుగు తిట్టి ఉండేదాన్ని. ఆయన వేస్తున్న రంగు గీత వంకరగా పోతోంది. పిల్ల మీద ప్రేమ లేక కాదు, ఆ అద్దం కథ ఈయన ఏ పుస్తకంలోనూ చదవకుండానే నేర్చుకున్నాడు. ఒడ్డుకు ఆనుకునే ఉన్న ఇంటి గుమ్మంలో పిల్ల తల్లి నిలబడి అంతా వింది, ఒక్క మాట అనలేదు.

పొద్దు వాలుతుండగా ఊరి పెద్దలు ఒడ్డున కూర్చున్నారు. మర్నాడు ఏ వేళకు పడవలు దింపాలో చెప్పడానికి ఊరంతా చేరింది. రెండు నెలల తర్వాత మొదటి వేట. అందరి మొహాలూ కళకళలాడుతున్నాయి. నేను ఆడవాళ్ల మధ్య నిలబడి, లేచి గట్టిగా చెప్పేద్దామా అని తన్నుకులాడుతున్నాను. నేను చెబితే ఆయన కాదంటాడు, అక్కడితో సరి. ఇంతలో నా పక్కనున్న ఆ స్నేహితురాలు ముందుకు నడిచింది.

"పెద్దలు కోప్పడకండి. మన ఊరి మనిషి ఒకరు ఇంకా ఒడ్డుకి రాలేదు. రేపు వేటకెలా వెళ్తారండి?"

ఎవరే అది అన్నాడు ఊరి పెద్ద. రెండు నెలలుగా పడవలే కదల్లేదు, ఎవరు రాకపోవడమేంటని వెనక ఎవరో నవ్వారు.

"ఎవరో నేను చెప్పనండి. చెప్పాల్సినోళ్లు ఇక్కడే ఉన్నారు."

అంత చిన్నపిల్ల అంత మందిలో అలాగే నిలబడిపోయింది. ఎవరూ కదల్లేదు. కాసేపటికి తండ్రి లేచాడు. ఆయన కళ్లు ఇసకలోనే ఉన్నాయి.

"నా కూతురండి. రాలేదండి."

ఆ రెండు ముక్కలకు ఆయన ఎంత బరువు ఎత్తాడో ఆ ఊళ్లో పుట్టిన వాళ్లకు తెలుస్తుంది. ఊరి పెద్ద లేచి కండువా దులుపుకుని, పడవలు దిగవు అన్నాడు. పదండి అని తనే ముందు నడిచాడు. ఆటోలు, బళ్లు, కాలినడక, ఊరి మగాళ్లంతా పోలీస్ స్టేషన్ ముందుకు చేరారు. తండ్రి ఫిర్యాదు రాయించాడు. పిన్ని అనే ఆవిడ అప్పటికే తిరిగొచ్చి, ఇంకో ఊళ్లో ఇంకొకరి ఆడపిల్ల గురించి మాట్లాడుతోంది. ఆ కబురు ఊరూరా తిరిగి ఎండుచేపలమ్మే ఆడవాళ్లు తెచ్చారు. పోలీసులు ఆవిడను పట్టుకుంటే, హైదరాబాదు శివార్లలో అద్దె ఇల్లు ఒకటి బయటపడింది.

ఆ రోజులన్నీ పడవలు ఒడ్డునే ఉన్నాయి. ముక్కులకు కట్టిన బంతిదండలు ఎండిపోయాయి. పక్క ఊళ్ల పడవలు నిండుగా వస్తుంటే మా వాళ్లు చూస్తూ కూర్చున్నారు. సణిగిన వాళ్లు లేకపోలేదు. పనికి పోయిన పిల్లకూ సముద్రంలో పడవకూ సాపత్యమా అన్నారు. అన్నారే గానీ పడవ మీద చెయ్యి వేయలేదు.

పోలీసు జీపులో ఆ పిల్ల వచ్చిన మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. చిక్కిపోయింది. తలెత్తలేదు. ఊరంతా బయటే ఉంది, ఎవరేమంటారో అని నా ప్రాణం గిలగిలలాడింది. తల్లి చెంబుతో వచ్చి, కూతురి పాదాల మీద నీళ్లు పోసింది. వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె, వాడలో ఆడవాళ్లంతా చెంబులతో వరస కట్టారు. ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పడవలు దిగలేదు కదా, ఊళ్లో పచ్చి చేప లేదు. ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టారు.

తిన్నాక అరుగు మీద నా పక్కన కూర్చుంది. స్కాలర్‌షిప్పు గురించి అడుగుతుందనుకుని, ఉందమ్మా, ఎక్కడికీ పోలేదు అన్నాను. తలూపింది. ఆమె అడగాలనుకున్నది అది కాదు. ఆ ఇంట్లో తనతో పాటు ఇంకో ఇద్దరు పిల్లలు దొరికారట. సముద్రానికి దూరంగా, మెట్ట ఊళ్ల వాళ్లు. పోలీసులు ఫోన్ చేస్తే ఒకరి ఇంట్లో ఇప్పుడు తీసుకురావద్దు, నలుగురూ ఏమనుకుంటారు అన్నారట. ఇంకొకరి నంబరు పలకలేదట. ఇద్దరినీ రాజమండ్రిలో ఆడపిల్లల హోంలో ఉంచారు.

"వాళ్లకి కాళ్లకి నీళ్లెవరిస్తారండి?" అంది.

ఆ సాయంత్రమే భీమవరం ఫోన్ చేశాను. ఇంకో ఇద్దరు పిల్లలున్నారని చెబితే, ఐసు ఫ్యాక్టరీ పెద్దాయన వాళ్లెంతవరకు చదివారని మాత్రం అడిగారు. తర్వాత, ఆ పరువు పాఠం తీసేయండమ్మా అన్నారు. చింపేసి చాలాకాలమైందని నేను చెప్పలేదు.

ఆ వారంలోనే ఆ పిల్లనూ, స్నేహితురాలినీ, తల్లినీ తీసుకుని రాజమండ్రి వెళ్లాను. తల్లి ఇంటి నుంచి చెంబు గుడ్డలో చుట్టి తెచ్చింది. హోంలో కుళాయిలున్నాయి కదమ్మా అంటే విననట్టే ఊరుకుంది. ఇద్దరు పిల్లలూ వరండాలోకి వచ్చారు, గోడకు ఆనుకుని నిలబడ్డారు. తల్లి చెంబు నింపి, వంగి, చిన్నదాని పాదాల మీద నీళ్లు పోసింది. ఆ పిల్ల బిత్తరపోయి పాదాలు వెనక్కి లాక్కుంది. మీరెవరండి అని అడిగింది.

ఇన్ని రోజుల్లో ఆ తల్లి నోట నేను విన్న మొదటి మాట అదే.

"నీకోసం వచ్చినోళ్లమమ్మా. ఆ కాలు కూడా ఇటివ్వు."