మాధవరం ఆకు, మూడు సద్దిమూటలు

"మీ అక్కకు మతిమరుపు ముదిరింది. ఒక్కోసారి నన్నే ఎవరంటుంది. సరస్వతి ఆకు పెడుతున్నాను" అని ఎమ్మిగనూరు నుంచి బావ కార్డు రాశాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ అక్కే. దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. దేవత పేరు పెట్టుకున్న ఆకు మతి తెస్తుందనే వాళ్లతో ఎన్ని సభల్లో తగువు పడ్డానో! ఆకు మాన్పించి, అక్కను ఆదోనిలో డాక్టరుకు చూపించాలని బయలుదేరాను.

తెల్లవారుజామున గుంతకల్లులో రైలెక్కి ఏడింటికి ఆదోనిలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం మంట. ఎనిమిదిన్నరకు ఎమ్మిగనూరు బస్సు, టికెట్టు పదణాలు. ముందు సీటయితే దుమ్ము తక్కువ. దారంతా నల్లరేగడి, పత్తి, కొర్ర. పక్కన కూర్చున్న పత్తి వ్యాపారి నా పని విని నవ్వాడు.

"మాయమ్మకు ఏడాది బాదంపప్పు పెడితిమప్పా. ఒళ్లొచ్చె గానీ మతి రాలే. తినింది మరిసిపోయి మళ్లా అడుగుతాంటాది!"

నేనూ నవ్వాను. తర్వాత సిగ్గేసింది.

పదిన్నరకు మగ్గాల చప్పుడు మధ్య బావ ఇల్లు చేరాను. గడపలో అక్క నువ్వులు చెరుగుతోంది.

"ఎవరప్పా నువ్వు? యా ఊరు?"

పేరు చెప్పాను. ఊరికే తల ఊపింది. "ఎండన పడి వచ్చినావు. ఏమన్నా తింటివా?"

మధ్యాహ్నం కొర్రన్నం, పప్పు, నువ్వులపొడి, ఆ ఆకు పచ్చడి. అక్క నా పళ్లెంలో పచ్చి ఉల్లిగడ్డ పెట్టింది. చిన్నప్పుడు దాని వాసనకే ఏడ్చి లేచిపోయేవాణ్ణి. అది ఆమె కన్నా బాగా ఎరిగినవాళ్లు లేరు. నమిలి మింగాను.

ఆమె లోపలికి పోగానే బావ మీద పడ్డాను. "ఈ మూఢనమ్మకం మాను బావా. డాక్టరుకు చూపిద్దాం."

"సూపియ్యలేదనుకుంటివా? రెండు మార్లు ఆదోనికి తోలుకుపోయినా. మందు లేదనె. సభల్లో మాట్లాడేటోనివి, నీకాడ మందుంటే సెప్పు, ఈ పొద్దే ఆకు పారేస్తా."

"నా దగ్గరా లేదు" అన్నాను. "పోనీ, ఆకు పని చేస్తోందా?"

"ఏమో. వారానికోసారి మాధవరం పోయి ఏటిగడ్డన కోసుకొస్తాండా. నేను ఆకు గిల్లి ఇస్తే ఆమె నూరతాది. నూరేటప్పుడు పాత సంగతులు సెప్తాది. వాటికోసమన్నా పోవాల గదప్పా."

దేవత పేరుందని ఆకును నమ్మడం ఎంత తప్పో, ఆ పేరుందని తోసేయడమూ అంతే తప్పు. కొర్రలో, నువ్వుల్లో, ఆకులో ముసలి మెదడును కాపాడేది ఏమైనా ఉందా అన్నది పరీక్షించి తేల్చాలి. నేను పరీక్షించలేదు. మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

నాలుగింటి బస్సుకు లేచాను. అక్కడ ఎవరినీ దారికి సద్ది కట్టకుండా ఊరు దాటనివ్వరు. అక్క జొన్నరొట్టెలు, వేరుశనగ బుడ్డల పొడి మూటకట్టి ఇచ్చింది. సంచిలో పెట్టుకున్నాను. లోపలికి పోయి వచ్చి, "అయ్యో, ఉత్త సేతుల్తో పోతాండావా?" అని ఇంకొకటి కట్టింది. కాసేపటికి మూడోది. ముందే ఇచ్చావని చెప్పబోతే బావ నా చెయ్యి నొక్కాడు. "తీసుకోప్పా."

బస్సులో ఎదుటి అవ్వ ఆశ్చర్యపోయింది. "ఒక్కనికి మూడు మూటలా? యా దేశం పోతాండావు నాయనా?"

"ఆదోనికే అవ్వా. మా అక్క కట్టింది."

ఒకటి ఆమెకు, ఒకటి కండక్టరుకు ఇచ్చాను. ఇద్దరూ అక్కడే విప్పి, మూటల్లోని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తిన్నారు.

ఆదోని ప్లాట్‌ఫారం మీద మూడోది విప్పాను. రొట్టెలు, పొడి, చిన్న బెల్లంముక్క. ఉల్లిగడ్డ లేదు.

పెట్టడం మరిచిందో, నేనెవరో గుర్తొచ్చి మానేసిందో. ఆకు మహిమ అని రాయను. అందుకు ఈ రుజువు చాలదు. ఆ రొట్టె మాత్రం తుంచి తుంచి, రైలు కనపడేదాకా తిన్నాను. గుంతకల్లులో దిగగానే కార్డు కొని బావకు రాశాను: "వచ్చే వారం మాధవరం నువ్వు పోవద్దు. ఆకు నేను తెస్తాను."